పాదములు మందగించిన నాటి విద్య: నిఖత్ జరీన్ గారికి బహిరంగ లేఖ

అమ్మా నిఖత్ జరీన్ గారూ,

నిజామాబాదులో పుట్టి పెరిగి, విశాఖపట్టణములో ద్రోణాచార్య పురస్కార గ్రహీతలైన ఐ.వి. రావుగారి శిక్షణలో రాటుదేలి, 2011లో టర్కీదేశపు అంతాల్యా నగరమున బాలికల ప్రపంచ విజేతగను, 2022లో ఇస్తాంబులులోను, 2023లో ఢిల్లీలోను పెద్దల ప్రపంచ విజేతగను నిలిచి, ముష్టియుద్ధమను విద్య యొకటి కలదనియు, అందు తెలుగునాటి ఆడపిల్ల లోకమునకే ప్రథమురాలు కాగలదనియు ఇంటింటికిని తెలియజేసిన మీకు, ఆ విద్యను చాలకాలమునుండి శ్రద్ధతో గమనించుచు వచ్చిన ఒక పాఠకుడు నమస్కరించి వ్రాయు లేఖ ఇది.

మీకొక్కరికే పంపదగిన ఉత్తరమును పదిమంది యెదుట చదువనేలయని మీరడుగవచ్చును. ముష్టియోధుల వయస్సునుగూర్చి మాటాడువారు ప్రేక్షకులు, పత్రికలవారు, ఎంపిక సంఘములవారు. ఆ వయస్సును మోయువారు మాత్రము బరిలో ఒంటరిగా నిలుచువారు. కావున ఆ మాటాడువారందరును వినవలసిన సంగతిని మీ పేర వ్రాయుట న్యాయమని నాకు తోచినది. 1996 జూనులో జన్మించిన మీరిప్పుడు ముప్పదియేండ్ల ప్రాయమున నున్నారు. 2024లో పారిస్ ఒలింపిక్సులో చైనా యోధురాలు వూ యూ చేతిలోను, 2025 సెప్టెంబరులో లివర్‌పూల్ ప్రపంచ పోటీలలో టర్కీ యోధురాలు బుసె నాజ్ చాకిరోగ్లు చేతిలోను మీకు పరాజయము కలిగినపుడు "వయస్సు మీదపడినది గదా" యని నిట్టూర్చినవారే, ఆ నవంబరులో గ్రేటర్ నోయిడాలో మీరు ప్రపంచ కప్పు స్వర్ణమును గెలువగానే "పాత నిఖత్ మరల వచ్చినది" యని మురిసిరి. ఈ రెండు మాటలకును మూలము ఒక్కటే పొరపాటు లెక్క: ఏండ్లు గడచుకొలది యోధునిలో ఉన్నది తరుగుటయే గాని మారుట యుండదను లెక్క.

తరుగుట నిజమే. కాని తరిగిన చోటికి మరియొకటి వచ్చి చేరును; ఆ వచ్చి చేరునది యేమన్నదానిమీదనే యోధుని మిగిలిన పోరాటములే కాక, మిగిలిన బ్రతుకంతయు ఆధారపడియుండును. కాళ్ళు మందగించిన యోధునికి రెండు త్రోవలు కలవు. తగులు దెబ్బల నోర్చుకొనుట యొకటి. దెబ్బ తగులని చోట నిలుచుట నేర్చుకొనుట రెండవది. మొదటి త్రోవ పట్టినవారికి లోకము చప్పట్లు కొట్టి వీరుడని పేరుపెట్టును. రెండవ త్రోవ పట్టినవారి ఆటను నీరసమని పెదవి విరుచును. మీరు రెండవ త్రోవనే పట్టవలెననియు, అదియును అవసరము నెత్తిపై పడకముందే పట్టవలెననియు కోరుటకే ఈ లేఖ.

వయస్సు యోధుని శరీరమునుండి అన్నింటిని ఒక్కమారే తీసికొనిపోదు. దానికొక వరుస కలదు. ముందు పోవునవి కాళ్ళని ఈ విద్యలోని పెద్దలందరు చెప్పుదురు. కాళ్ళనగా ఇచట నడకయు కాదు, పరుగును కాదు. మడమను నేలకాననీయక మునివ్రేళ్ళపై నిలిచి, ప్రత్యర్థి ముంజేయి చాచిన క్షణమున జానెడు వెనుకకు తగ్గి, ఆ చేయి తిరిగి మడతపడులోపల మరల జానెడు ముందుకు రాగల బిగువు. ఈ బిగువంతయు కండలలోని చురుకైన తంతువుల పని. అవి యౌవనమున ఎంత పుష్కలముగా నుండునో, ముప్పదులు దాటినపిదప అంత జాగ్రత్తగా కాపాడుకొనవలసినవి. తరువాత, కన్ను చూచినదానికి దేహము బదులు చెప్పుటలో కొంత ఆలస్యము ప్రవేశించును. అది సెకనులో అత్యల్ప భాగమే గావున ఇంటను, వీధిని, కార్యాలయమునను ఎవ్వరును దానిని గుర్తింపజాలరు; కాని చెక్కిలిని రాచుకొని పోవలసిన పిడికిలి గడ్డముపై పడుటకు ఆ మాత్రపు ఆలస్యమే చాలును. చిట్టచివర పోవునది పిడికిటి బలము. నలువదియైదేండ్లవాడు కొట్టిన దెబ్బకు ఇరువదియారేండ్లవాడు నేలగూలిన ఉదంతమును ముందు చెప్పెదను.

ఇక వచ్చి చేరునవి యేమనగా దూరమును కొలుచు కన్ను, కదలికను ముందుగా చదువు నేర్పు, తొందరపడని మనస్సు. పిడికిలిని చూచి తప్పుకొనువాడు యువకుడు. ప్రత్యర్థి ముందుపాదము లోపలికి తిరుగుటయో, వెనుక భుజము ఒక అంగుళము క్రిందికి జారుటయో చూచి, పిడికిలి కదలకముందే తన తలను ఆ త్రోవనుండి తీసివేయువాడు పరిణతుడు. మొదటివాని రక్ష వేగములో నున్నది, రెండవవానిది జ్ఞానములో నున్నది. వేగము సొంతముగా ఉన్నంతకాలము జ్ఞానము కొరకు ఎవరును వెదుకరు గావుననే ఇన్ని విషాదములు.

ఈ వరుసను, ఈ విషాదమును కూడ కన్నులకు కట్టించు జీవితము మహమ్మదాలీది. 1966 నవంబరు 14వ తేదీని హ్యూస్టన్ నగరపు ఆస్ట్రోడోమ్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌తో ఆయన చేసిన పోరాటపు చలనచిత్రము నేటికిని లభ్యమగుచున్నది. మీరు తప్పక చూచియే యుందురు. ఇరువదినాలుగేండ్ల ఆ యువకుడు చేతులను నడుముదాక దించి, గడ్డమును బాహాటముగా చూపుచు, దెబ్బ వచ్చినపుడు తలను ప్రక్కకు గాక తిన్నగా వెనుకకు వాల్చుచు ఆడినాడు. ఏ శిక్షకుడైనను తన శిష్యునిచేత మొదటి దినముననే మాన్పించు తప్పులివి. కాని ఆ తప్పులను ఒప్పులు చేసినవి ఆయన పాదములు. తల వెనుకకు వాలులోపల దేహమంతయు ఆ పాదములపై అటనుండి తొలగిపోయెడిది. మూడవ రౌండులో ముగిసిన ఆ పోరాటమున ఆయనకు తగిలిన గట్టి దెబ్బలను వెదకి పట్టుకొనుట కష్టము. మరుసటి యేడు, వియత్నాం యుద్ధమునకు సైనికుడుగా పోనొల్లనని నిరాకరించినందున ఆయన హెవీవెయిట్ ప్రపంచ బిరుదును లాగికొని, మూడేండ్లకుపైగా బరిలోనికి రానీయకపోయిరి. 1970 అక్టోబరులో అట్లాంటాలో జెర్రీ క్వారీ యెదుట మరల నిలిచిన ఆలీ చేతులలో వేగము చాలవరకు మిగిలియే యుండెను. పాదములలోని ఆ నిరంతర నృత్యము మాత్రము రౌండు రౌండునకు కొన్ని క్షణములకు పరిమితమయ్యెను. యోధుని యౌవనములో శ్రేష్ఠమైన భాగమును ప్రభుత్వమొకటి ఇట్లు అపహరించుట క్రీడాచరిత్రలోని ఘోరమైన అన్యాయములలో ఒకటియని నా నిశ్చితాభిప్రాయము.

పాదములు పోయిన ఆలీకి అప్పుడు తనలో మరియొక సంపద కలదని తెలియవచ్చెను: దెబ్బకు తట్టుకొను శక్తి. ఇది వరమని లోకమనుకొన్నది, ఆయనయు అనుకొన్నాడు. 1974 అక్టోబరు 30న కాంగోనదీతీరపు కిన్షాసా నగరములో, తెల్లవారుజామున నాలుగు గంటల వేళ, ముప్పదిరెండేండ్ల ఆలీ ఇరువదియైదేండ్ల ప్రపంచ విజేత జార్జి ఫోర్‌మన్ యెదుట నిలిచినాడు. మొదటి రౌండులో జాబ్‌తో (ముందుచేతి సూటి దెబ్బతో) త్రోవచేసికొనక తిన్నగా కుడిచేతినే పలుమారులు విసరి ఫోర్‌మన్‌ను విస్మయపరచెను. అది వయస్సు నేర్పిన యెత్తు, సాహసముతో కూడిన మంచి యెత్తు. కాని రెండవ రౌండునుండి ఆయన తాళ్ళకు వీపు చేర్చి, మోచేతులను డొక్కలకు అదిమి, ముంజేతులతో మొగము కప్పుకొని, ఫోర్‌మన్ కొట్టుచున్న కొలది కొట్టనిచ్చెను. సందు దొరికినపుడెల్ల ఆతని మెడపై చేయివేసి తలను క్రిందికి వంచుచు, చెవిలో మాటలతో రెచ్చగొట్టుచు, ఆ భారీకాయుని ఊపిరి సన్నగిలువరకు కాచుకొని, ఎనిమిదవ రౌండు చివర మెరుపువలె కదలి ఆతనిని నేలపై పడవైచెను. ఆ రాత్రి ఆలీ చూపినది గొప్ప మేధస్సు కాదనుటకు నాకు నోరు రాదు. నా బాధ మరియొకటి. ఒక రాత్రి ఒక ప్రత్యర్థికై పన్నిన యుక్తి ఆయనకు అలవాటుగా మారినది. శిక్షణ శిబిరములో సైతము తోడి యోధులకు శరీరమప్పగించి దెబ్బల నోర్చుట సాధన యని భావించునంతటి అలవాటు.

ఆ తరువాతి కథను మన పత్రికలు వీరగాథగనే చెప్పుచు వచ్చినవి. 1975 అక్టోబరు 1న మనీలాలో జో ఫ్రేజియర్‌తో పదునాలుగు రౌండులు జరిగినపిదప, కన్ను మూతపడిన ఫ్రేజియర్‌ను పదునైదవ రౌండునకు పంపనని ఆతని గురువు ఎడ్డీ ఫ్యూచ్ ఆపివైచినాడు. ఆ ఫ్యూచ్ నిర్ణయమును ఆనాడు తప్పుపట్టినవారు కలరు. నా దృష్టిలో ఆ దినమున ఆ బరిలో అందరికంటె గొప్ప పని చేసినవాడు ఆయనయే. 1977లో ఎర్నీ షేవర్స్‌తో పదునైదు రౌండులు పోరాడినపిదప, ఆలీ వైద్యుడు ఫెర్డీ పచేకో ఆయన మూత్రపిండములు చెడుచున్నవని తెలుపు పరీక్షాపత్రమును ఆలీకిని, ఆయన చుట్టునున్నవారికిని పంపి, ఎవ్వరినుండియు ప్రత్యుత్తరము రాకపోగా ఆ బృందమును విడిచిపోయెను. 1980 అక్టోబరు 2న లాస్ వేగాస్‌లో, బరువు తగ్గుటకై థైరాయిడ్ మందు వాడి నీరసించిన ముప్పదియెనిమిదేండ్ల ఆలీని, ఒకప్పుడు ఆయన శిబిరములోనే స్పారింగ్ (సాధనపోరు) చేసిన లారీ హోమ్స్ పది రౌండులపాటు కొట్టినాడు, కొట్టుటకు మనసొప్పక రిఫరీవైపు చూచుచునే కొట్టినాడు. పదియవ రౌండు పిదప ఆలీ శిక్షకుడు ఏంజెలో డండీ ఇక చాలుననెను. 1984లో ఆయనకు పార్కిన్‌సన్ లక్షణములున్నవని వైద్యులు తేల్చిరి. ఆ వ్యాధికి ఆ దెబ్బలొక్కటే కారణమని నిర్ధారించుట వైద్యులకును సులభము కాదు; కాని తలకు పదేపదే తగులు దెబ్బలు యోధుల నడకను, మాటను, బుద్ధిని చెరచునని అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ 1928లోనే వైద్యపత్రికలో ప్రకటించియుండెను. తెలిసికూడ ఓర్పునే మెచ్చుకొంటిమి.

ఫోర్‌మన్ విషయము కొంత వేరు. 1977లో పోరాటములు మాని, హ్యూస్టన్‌లో మతబోధకుడై, పదేండ్ల పిదప 1987లో బరిలోనికి మరల వచ్చిన ఆయన పూర్వపు ఫోర్‌మన్ కాడు. కిన్షాసాలో ప్రతి దెబ్బను చివరి దెబ్బగా విసరి ఊపిరి పోగొట్టుకొన్న ఆ మనిషి, ఇప్పుడు తొందరలేక ఒక్కొక్క అడుగే వేయుచు, రెండు ముంజేతులను మొగమునకు అడ్డముగా ఒకదానిపై నొకటి పేర్చి, ఆ అడ్డుగోడ మాటునుండి బరువైన జాబ్‌ను మాత్రము విసరుచుండెను. రౌండునకు రౌండునకు నడుమ పీటపై కూర్చుండుట సైతము మానివైచెను. ఆ అడ్డుచేతుల రక్షణ ఆర్చీ మూర్‌ది. 1952 డిసెంబరులో, ముప్పదియైదు దాటిన వయస్సున, లైట్ హెవీవెయిట్ ప్రపంచ బిరుదమును మొదటిసారి గెలిచి, సుమారొక దశాబ్దము దానిని నిలుపుకొన్న మహానుభావుడాయన. ఎగుడుదిగుడు బాటలో ముసలియెద్దు ఎట్లు అడుగు తప్పదో, ఆయన బరిలో అట్లు అడుగు తప్పడు. 1994 నవంబరు 5న ఫోర్‌మన్, ఆలీకి ఓడిన నాటి ఎఱ్ఱ నిక్కరునే తొడిగికొని, ఇరువదియారేండ్ల విజేత మైకేల్ మూరర్ యెదుట నిలిచెను. తొమ్మిది రౌండులు గడచునప్పటికి ముగ్గురు న్యాయనిర్ణేతల లెక్కలోను ఆయన వెనుకబడియే యుండెను. పదియవ రౌండులో ఆయన ఎడమ జాబ్ వేసి, దాని వెంటనే కుడిచేతిని, విసరక, చేతిమడత పూర్తిగా విప్పక, జానెడు దూరమునుండి గడ్డమున కానించెను. మూరర్ వెల్లకిల పడెను, లేవలేదు. నలువదియైదేండ్లకు హెవీవెయిట్ విజేతయైన ఆయన తన మూలకు పోయి మోకరిల్లెను. ఆ దెబ్బలోని పొదుపు ప్రతి యోధురాలును కంఠస్థము చేయదగినది. అయితే ఆ దెబ్బకు ముందు తొమ్మిది రౌండులపాటు ఆయన మొగముపై పడిన జాబ్‌లను నేను మరువలేను గావున, మీకు ఆదర్శముగా ఫోర్‌మన్‌ను చూపను.

నేను చూపదలచినది అమెరికా యోధుడు బెర్నార్డ్ హాప్‌కిన్స్‌ను. ఆయన ప్రక్కన, ఆయన గొప్పదనము తెలియుటకై, రాయ్ జోన్స్‌ను. వీరిరువురును 1993 మే నెలలో వాషింగ్టన్ నగరమున మొదటిసారి తలపడిరి. జోన్స్ అవలీలగా గెలిచెను. జోన్స్ వేగము అంతటిది. ఆయన జాబ్‌తో పనిలేకయే దూరమునుండి ఎడమ హుక్‌తో దుమికెడివాడు. చేతులు వెనుక పెట్టుకొని మొగము ముందుకు చాచి ఆహ్వానించెడివాడు. పట్టు చిక్కునంతలో మాయమయ్యెడివాడు. 2003 మార్చిలో బరువు పెంచుకొని జాన్ రూయిజ్‌ను ఓడించి హెవీవెయిట్ బిరుదమును సైతము గైకొని, తిరిగి ఆ బరువును దించుకొని తన తరగతికి వచ్చెను. 2004 మే నెలలో, ముప్పదియైదేండ్ల వయస్సున, ఆంటోనియో టార్వర్ ఎడమచేతి దెబ్బకు రెండవ రౌండులోనే పడెను. సెప్టెంబరులో గ్లెన్ జాన్సన్ చేతిలో మరల పడెను. జనులది ఒక్కరాత్రిలో వచ్చిన వార్ధక్యమనిరి. కాదు, వేగము క్రింద పునాదిగా ఉండవలసిన విద్యను ఆయన వేగముండగా కట్టుకొనలేదు. గడ్డమును భుజము మాటున దాచుట, దెబ్బ వేసిన చేతిని మరల మొగము చెంతకు తెచ్చుట, జాబ్‌తో దూరమును నిలుపుట అను మూడు సామాన్య విషయములు, ఏ బాలుడైనను మొదటి యేట నేర్చునవి, ఆయనకు అవసరము కలిగిననాడు చేతికందలేదు.

హాప్‌కిన్స్ త్రోవ దీనికి తలక్రిందు. ఫిలడెల్ఫియాలో పెరిగి, యౌవనమున కారాగారవాసముచేసి, అచట ముష్టియుద్ధము నేర్చుకొని వచ్చిన ఆ మనిషి మొదట దూకుడుగనే పోరాడెడివాడు; కాలము గడచినకొలది తన దెబ్బల సంఖ్యను తానే తగ్గించుకొనుచు, తన ఆహారమును, నిద్రను, బరువును అత్యంత నియమముతో కాపాడుకొనుచు, ప్రత్యర్థి పని చేయలేని చోటును వెదకుటనే ప్రధాన సాధనగా పెట్టుకొనెను. ఆయన పాదములను మాత్రమే చూచుచు ఒక పోరాటమును ఆసాంతము పరికించినచో ఈ సంగతి స్పష్టపడును. ఆయన గెంతడు, ప్రత్యర్థి ముందుకాలికి వెలుపలివైపున తన ముందుకాలిని అరయడుగు జరిపి నిలుచును. అంతటితో ప్రత్యర్థి బలమైన చేతికి త్రోవ వంకర యగును, ఈయన కుడిచేతికి త్రోవ తిన్ననగును. ప్రత్యర్థి ఆ వంకరను సరిచేసికొనుటకు కాలు కదపగానే, ఆ కదపుచున్న క్షణముననే, ఈయన ఒక్క దెబ్బ వేసి, ముందుకు ఒరిగి, చేతులను బంధించి, దగ్గరి తావున విశ్రమించును. చూచువారికి ఇందేమియు జరిగినట్లుండదు గావుననే నీరసమనిరి. 2011 మేలో మాంట్రియాల్‌లో, తనకంటె చాల చిన్నవాడైన జీన్ పాస్కల్‌ను ఓడించి, నలువదియారేండ్ల ప్రాయమున ఫోర్‌మన్ పేరనున్న వయస్సు రికార్డును దాటినపుడు, ఏడవ రౌండునకు ముందు ప్రత్యర్థి పీటపైనుండి లేచులోపల ఈయన బరిలో దండెములు తీయుచుండెను. నలువదియెనిమిదవ యేట, నలువదితొమ్మిదవ యేటగూడ ప్రపంచ బిరుదములు గెలిచెను. 2010 ఏప్రిల్‌లో జోన్స్‌తో మరల తలపడి, పదునేడేండ్ల నాటి పరాజయమునకు బదులు తీర్చుకొనెను. ఆనాటికి హాప్‌కిన్స్‌కు నలువదియైదు, జోన్స్‌కు నలువదియొకటి. అయితే ఆయనయును చివరి అడుగు ఆలస్యముగనే వేసినాడు; 2016 డిసెంబరులో, ఏబదిరెండేండ్లు నిండవచ్చిన వేళ, జో స్మిత్ దెబ్బలకు తాళ్ళ వెలుపల పడెను. ఎంత విద్యకైనను ఒక గడువు కలదు.

ఇదంతయు పన్నెండు, పదునైదు రౌండుల వృత్తిపోరాటముల ముచ్చట. తొమ్మిది నిమిషములలో ముగియు మా పోటీలకు దీనితో నేమి పనియని మీ శిక్షకులడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. మూడేసి నిమిషముల మూడు రౌండులలో, ఫోర్‌మన్ వలె తొమ్మిది రౌండులు కాచుకొనుటకు వీలులేదు; హాప్‌కిన్స్ వలె కౌగిలిలో విశ్రమించినయెడల మందలింపులు, పిదప పాయింట్ల కోతయు తప్పవు. ఐదుగురు న్యాయనిర్ణేతలును మొదటి నిమిషమునుండియే లెక్క వ్రాయుచుందురు. కాని ఈ కారణముననే ఒలింపిక్ యోధురాలికి ఈ మార్పు మరింత ముందుగా, మరింత సంపూర్ణముగా జరుగవలసియున్నది. వృత్తియోధునికి బరిలోనే మారుటకు కాలము దొరకును, మీకు దొరకదు. మారి వచ్చియే బరిలో కాలుపెట్టవలెను.

ఇందుకు నిదర్శనము కొరకు మీరు అమెరికాదాక పోనక్కరలేదు. 2019 డిసెంబరు 28న ఢిల్లీ ఇందిరాగాంధీ స్టేడియములో, ఒలింపిక్ అర్హతపోటీల ఎంపికకై మీ యెదుట నిలిచిన మేరీ కోమ్ గారికి అప్పటికే ముప్పదియైదేండ్లు దాటినవి, మీకిరువదిమూడు. వేగమున యౌవనము మీది. తీర్పు తొమ్మిదికి ఒకటిగా ఆమెది. ఎడమచేతివాటపు ఆమె మీరు లోనికి వచ్చు దూరమును ముందుగా కొలిచి, రానిచ్చి, వచ్చినపుడు స్పష్టముగా కానవచ్చు ఎడమ దెబ్బలతో ఎదుర్కొనెను. ఆ పరాజయము మిమ్ము ఎంత బాధించియుండునో నేనూహింపగలను. దానిలోని పాఠమును వదలిపెట్టలేదనుటకు ఇస్తాంబులు సాక్ష్యము. అట్టి మేరీ కోమ్ గారుకూడ 2021లో టోక్యోలో కొలంబియా యోధురాలు ఇంగ్రిట్ వాలెన్సియా చేతిలో, మూడుకు రెండుగా చీలిన తీర్పున, ఓడి వెనుదిరిగిరి. నేర్పు గడువును పొడిగించును గాని రద్దుచేయదు.

మరియొక స్త్రీని గూడ తలచుకొనుడు. ఐర్లండు యోధురాలు కేటీ టేలర్, 2012 లండను ఒలింపిక్సు స్వర్ణవిజేత, అమాండా సెరానోతో 2022లోను, 2024లోను చేసిన రెండు పోరాటములు ఎదురెదురుగా నిలిచి దెబ్బకు దెబ్బ ఇచ్చిపుచ్చుకొన్నవి. లోకము వానిని చూచి ఊగిపోయినది. 2025 జూలైలో న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మూడవమారు, ముప్పదితొమ్మిదేండ్ల టేలర్ ఆ ఇచ్చిపుచ్చుకొనుటను మానివైచెను. దూరమున నిలిచి, ప్రక్కకు తిరుగుచు, ఒకటి రెండు దెబ్బలు వేసి తొలగిపోవుచు, పది రౌండులను గడపి గెలిచెను. మునుపటి ఉద్వేగము లేదని కొందరు గొణిగిరి. నాకు మాత్రము ఆ మూడింటిలో ఆ కడపటిదే మిక్కిలి సుందరముగా కనిపించినది. ఒక యోధురాలు తన తలను, తన రేపటిని ఎంత విలువైనవిగా ఎంచుచున్నదో ప్రతి అడుగునను కనబడినందువలన.

2028లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్సు నాటికి మీకు ముప్పదిరెండేండ్లు. కిన్షాసా నాటి ఆలీ వయస్సు. ఆ పతకము మీకు దక్కవలెనని నాతోబాటు తెలుగువారందరి కోరిక. ఆ కోరికయే మీకు భారమై, ప్రేక్షకుల కేకలకు మీరు తాళ్ళచెంత నిలిచి దెబ్బలు మార్చుకొనుటకు కారణము కారాదు. బరువు విషయమునను ఇదే మాట. ఏబదిరెండు, ఏబది, ఏబదియొకటి కిలోలని పోటీల తరగతులు మారుచున్నపుడెల్ల మీ శరీరమును వానికి తగినట్లు మలచుకొంటిరి. ఇరువదేండ్ల దేహము ఓర్చిన ఉపవాసమును ముప్పదేండ్ల దేహము అట్లే ఓర్వదు, నీరు తగ్గిన కాళ్ళు అందరికంటె ముందుగా బరువెక్కును.

అన్నిటికంటె ముఖ్యమైనది స్పారింగ్. పోటీలో మీరు నిలుచునది తొమ్మిది నిమిషములు. దానికి ముందు శిబిరములో నిలుచునది నెలల తరబడి. తలకు తగులు దెబ్బలలో అధికభాగము లోకము చూడని ఆ గదులలోనే తగులుచున్నవి, వానిని లెక్కించువారెవరును లేరు. పచేకో పంపిన పత్రమును చదువని శిబిరము వంటిది మనదేశమున ఉండరాదు. కావున శిక్షకులకును, వైద్యులకును, బాక్సింగ్ సమాఖ్యవారికిని వినబడునట్లు మిమ్మడుగుచున్నాను: రానున్న శిబిరమునందే ఒక పుస్తకము పెట్టుడు. అందు ప్రతి సాయంకాలము ఆ దినమున ఎన్ని రౌండులు స్పారింగ్ చేసితిరి, తలకు తగిలినవెన్ని, వానిలో వేగము చాలక తగిలినవెన్ని, నిలుచు చోటు తప్పినందున తగిలినవెన్ని యని మీ చేతితో వ్రాసికొనుడు. నెలకొకమారు దానిని వైద్యునికి చూపుడు. తగిలినవి పెరిగిననాడు రౌండులు తగ్గించుమని అడుగుటకు వెనుదీయకుడు. మీరడిగినచో కాదనువారుండరు, మీరు సాధించినదానిని మీ వెనుక వచ్చు నిజామాబాదు పిల్లలు అడుగకయే పొందుదురు.

ఇట్లు
మీ శ్రేయస్సు గోరు
ఒక పాఠకుడు